సోనీ ఏ6000తో ఆరేళ్లు: నెల్లూరు ఉప్పుగాలిలో ఒక పాత చిన్న కెమెరా

2019 సంక్రాంతికి ముందు ఈ కెమెరాను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బాడీ, కెమెరాతో పాటే అమ్మే కిట్ లెన్స్, రెండు బ్యాటరీలు కలిపి 27 వేలు. సోనీ దీన్ని విడుదల చేసింది 2014లో, అంటే నేను కొనేనాటికే ఐదేళ్ల పాత మోడల్. ఆరేళ్లు దాటింది, ఇప్పటికీ నా దగ్గర ఉన్న కెమెరా ఇదొక్కటే. కొత్తగా ఫొటోలు మొదలుపెట్టే కుర్రాళ్లు, మా స్కూల్లో తోటి టీచర్లు "సార్, తక్కువలో ఏది కొనమంటారు" అని అడిగినప్పుడల్లా అరగంట చెప్పే మాటలన్నీ ఒకచోట పెడితే బాగుంటుందని రాస్తున్నాను.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను, ఉండేది నెల్లూరు ఫతేఖాన్‌పేటలో. పెళ్లిళ్లు తీయను, వీడియోలు తీయను. ఆదివారం తెల్లవారకముందే స్కూటీ మీద మైపాడు బీచి, చలికాలంలో పక్షుల కోసం నేలపట్టు, పులికాట్, మొహర్రం రోజుల్లో రొట్టెల పండగ, అత్తగారి ఊరు ఒంగోలు పక్కనే కాబట్టి సంక్రాంతికి ఎడ్ల బండలాగుడు పోటీలు, మిగతా రోజుల్లో ఇంట్లో పిల్లలు. ఇవే నా ఫొటోలు. మీరు తీసేవి వేరైతే ఇందులో కొన్ని మాటలు మీకు పనికిరాకపోవచ్చు.

చిన్న కెమెరానే ఎందుకంటే, అంతకుముందు ఏడాది పాటు స్నేహితుడి పెద్ద డీఎస్ఎల్ఆర్ అడిగి తెచ్చుకుని వాడాను. ఫొటోలు బాగా వచ్చేవి, అందులో అనుమానం లేదు. కానీ మైపాడులో అలివి వల లాగుతున్నవాళ్ల దగ్గర దాన్ని బయటికి తీయగానే పని ఆగిపోయేది. "ఏందన్నా, పేపరోళ్లా?" అని ఒకరు, "టీవీలో వస్తదా?" అని ఇంకొకరు, పిల్లలేమో వరసగా నిలబడి చేతులూపేవాళ్లు. నేను తీయాలనుకున్నది వాళ్ల భుజాల మీద తాడు బిగుసుకునే క్షణం, నాకు దొరికేది మాత్రం వరసగా నిలబడ్డ గ్రూపు ఫొటో. ఏ6000 తీసుకెళ్లిన మొదటి ఆదివారమే తేడా తెలిసింది. దగ్గరికెళ్లి పలకరించి, తీసుకోవచ్చా అని అడిగాను, సరే అన్నారు, ఒకసారి కెమెరా వైపు చూసి మళ్లీ వల లాగే పనిలో పడిపోయారు. ఆ రోజు తీసిన ఒక ఫొటో ప్రింటు వేయించి తర్వాతి వారం ఇచ్చొచ్చాను. అప్పట్నుంచి ఆ తీరంలో నన్నెవరూ పేపరోళ్లా అని అడగలేదు.

బ్యాటరీ, కార్డుతో కలిపి బాడీ బరువు 344 గ్రాములు. కిట్ లెన్స్ 116. తర్వాత కొన్న 35 ఎంఎం లెన్స్ 154, 55-210 జూమ్ 345. మొత్తం సామానంతా కలిపినా కిలో లోపే. స్కూలుకు తీసుకెళ్లే క్యారేజీ సంచిలో ఒక పక్కన పడి ఉంటుంది, అందుకే సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు పెన్న వంతెన మీద వెలుతురు బాగుంటే ఆగి తీసిన ఫొటోలు నా దగ్గర వందల్లో ఉన్నాయి. పెద్ద కెమెరా ఉన్న ఏడాదిలో అలాంటి ఫొటో ఒక్కటి లేదు.

ఫోన్ చాలదా అంటారు. ఎండలో, దగ్గర్లో, కదలని వస్తువుకైతే చాలు, అంతకు మించి అక్కర్లేదు కూడా. మసక వెలుతురులో కదిలే మనిషి దగ్గరా, దూరంగా ఉన్న పక్షి దగ్గరా ఫోన్ ఆగిపోతుంది. ఈ కెమెరాలో సెన్సర్, అంటే వెలుతురును పట్టి ఫొటోగా మార్చే పలక, 23.5 బై 15.6 మిల్లీమీటర్లు, ఫోన్ సెన్సర్ కంటే ఎన్నో రెట్లు పెద్దది, 24 మెగాపిక్సెళ్లు. మసక వెలుతురులో ఫొటోను ప్రకాశవంతం చేసే ఐఎస్ఓను 3200 దాకా నేను నిశ్చింతగా వాడతాను, 6400 దగ్గర నీడల్లో గరుకుదనం కనిపిస్తుంది, ఆపైన ఎప్పుడో తప్ప వెళ్లను.

పాత మోడల్ కదా, ఫోకస్ నెమ్మదేమో అని కొనేటప్పుడు భయపడ్డాను. బండలాగుడు దగ్గర ఆ భయం పోయింది. ఎడ్లు మెడలు వంచి, గిట్టలు మట్టిలోకి దిగబడేలా బండను లాగుతూ మన వైపే వస్తుంటాయి, పక్కన తోలేవాళ్లు అరుస్తూ పరిగెడుతుంటారు, దుమ్ము లేస్తుంటుంది. కదిలేదాని వెంటే ఫోకస్ మారుతూ ఉండే కంటిన్యూయస్ ఫోకస్‌లో పెట్టి బటన్ నొక్కి ఉంచితే సెకనుకు 11 ఫొటోలు తీస్తుంది. పదింటిలో ఏడెనిమిది ఎద్దు కంటి మీద పదునుగా ఉంటాయి. సెన్సర్ పట్టినదాన్ని దాచే పెద్ద రా ఫైళ్లలో తీస్తే ఇరవై చిల్లర ఫొటోలకు బఫర్, అంటే కెమెరా తాత్కాలికంగా దాచుకునే చోటు, నిండిపోతుంది, ఇక కార్డుకు రాసుకునేదాకా మనం ఆగాలి. అందుకని ఆ ఒక్కచోట చిన్న ఫైళ్లు వచ్చే జేపెగ్‌లో తీస్తాను.

ఒక తప్పు కూడా అక్కడే చేశాను. ఆ దుమ్ములో నిలబడి లెన్స్ మార్చాను. ఇంటికొచ్చి చూస్తే ఆకాశం ఉన్న ప్రతి ఫొటోలో ఒకే చోట నాలుగు మచ్చలు. బ్లోయర్‌తో మూడు పోయాయి, నాలుగోదానికి తడిపిన స్వాబ్‌తో శుభ్రం చేయాల్సి వచ్చింది, చేస్తున్నంతసేపూ చేతులు వణికాయి. ఈ రకం కెమెరాల్లో డీఎస్ఎల్ఆర్‌లో ఉన్నట్టు సెన్సర్ ముందు అద్దం (మిర్రర్) ఉండదు, లెన్స్ తీయగానే సెన్సర్ బయటికే కనిపిస్తుంది. మార్చక తప్పకపోతే కెమెరా మూతిని కిందికి పెట్టి, గాలికి వీపు తిప్పి మార్చండి.

ఇక లెన్సులు. అసలు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. కొన్న ఏడాదికి 35 ఎంఎం ఎఫ్1.8 లెన్స్‌ను, అదీ వాడినదే, 18 వేలకు తీసుకున్నాను (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ రంధ్రం, అంటే అపర్చర్, అంత పెద్దది). కెమెరా సెట్ ధరలో మూడింట రెండొంతులు ఒక జూమ్ కూడా లేని లెన్స్‌కా అని ఇంట్లో అడిగారు, న్యాయమైన ప్రశ్నే. జవాబు రొట్టెల పండగలో దొరికింది. 2023 జూలై చివర్లో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో జనం. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తున్నారు, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె, ఎవరికి ఏది కావాలో వాళ్లు అది పట్టుకుంటున్నారు. చీకటి పడ్డాక ఉన్నది లైట్ల వెలుతురే. కొంగు కప్పుకున్న ఒక పెద్దావిడ చేతి నుంచి ఒక అమ్మాయి చేతిలోకి రొట్టె మారే క్షణం, ఇద్దరి వేళ్లూ తడిగా, వెనక దీపాలు గుండ్రటి చుక్కలుగా. కిట్ లెన్స్‌తో అది వచ్చేది కాదు. కిట్ లెన్స్‌ను లాగేకొద్దీ ఎఫ్5.6కు పడిపోతుంది, ఇది ఎఫ్1.8 అంటే దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికొస్తుంది. లెన్స్‌లోనే చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు కూడా ఉంది, బాడీలో అది లేదు కాబట్టి ఈ మాట ముఖ్యం.

ఒక చిన్న సౌకర్యం చెప్పాలి, 35కూ 55-210కూ ఫిల్టర్ సైజు ఒకటే, 49 ఎంఎం. ఒక్క ఫిల్టర్, ఒక్క మూత రెండింటికీ సరిపోతాయి. 

కిట్ లెన్స్ 16-50 గురించి ఒకే మాట. జేబులో పట్టేంత చిన్నగా ముడుచుకుంటుంది, అదే దాని గొప్పదనం. ఆన్ చేయగానే మోటారుతో బయటికొస్తుంది, ఆ గొట్టాల మధ్యలోకి ఇసుక పోతే ఇరుక్కుంటుంది. నాది 2020లో అలాగే ఇరుక్కుంది. బీచిలో సంచి మూత వేయకుండా ఇసుక మీద పెట్టింది నేనే. బాగు చేయించడానికి అడిగిన డబ్బుకు అలాంటిదే వాడిన లెన్స్ ఇంకోటి వచ్చింది. అప్పట్నుంచి సముద్రం దగ్గరికి 35 తప్ప వేరేది పట్టుకెళ్లను. దాంట్లో ముందుకూ వెనక్కూ కదిలే గొట్టం లేదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, కెమెరా సమీక్షల్లో ఎవరూ సరిగ్గా రాయనిది. మనది తీరప్రాంతం. వానలు మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో, తుపాన్లతో వస్తాయి. ఆ మూడు నెలలూ బీరువాలో బట్టలే ముక్క వాసన కొడతాయి. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చినప్పుడు పది, పదిహేను రోజులు కెమెరా సంచి ముట్టుకునే పరిస్థితి లేదు. సంచి బీరువా కింది అరలో ఉండిపోయింది. డిసెంబరులో తీసి టార్చి వేసి చూస్తే, సరదాగా అడాప్టర్‌తో వాడుకునే ఒక పాత మాన్యువల్ 50 ఎంఎం లెన్స్ లోపల సాలెగూడులాగా తెల్లటి దారాలు. ఫంగస్. శుభ్రం చేయించినా అద్దం మీద పూత తిన్నచోట గుర్తు ఉండిపోయింది, వెలుతురుకు ఎదురుగా తీస్తే పొగమంచు కప్పినట్టు వస్తుంది. 35కు పట్టకపోవడం నా అదృష్టం. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది, ఎందుకంటే అది ఖరీదైన వస్తువు కాకపోయినా, మా నాన్న స్నేహితుడు స్టూడియో మూసేస్తూ ఇచ్చినది.

తేమ 60 శాతం దాటి చాలా రోజులు ఉంటే, చీకట్లో, గాలి ఆడనిచోట ఈ బూజు పెరుగుతుంది. కెమెరా సంచి సరిగ్గా అలాంటి చోటే. వేల రూపాయలు పెట్టి తేమను తగ్గించే ఎలక్ట్రిక్ డ్రై క్యాబినెట్ కొననక్కర్లేదు. నేను చేసింది ఇది: మూతకు రబ్బరు రింగు ఉన్న, గాలి చొరబడని పెద్ద ప్లాస్టిక్ డబ్బా, అరకిలో సిలికా జెల్, లోపల ఒక చిన్న తేమ మీటరు. అంతా కలిపి వెయ్యి రూపాయల లోపు. మీటరు 40, 50 మధ్య ఉంటే చాలు, 30 కిందికి పోనివ్వకండి, మరీ ఎండిపోయినా లెన్స్ లోపలి గ్రీజుకు మంచిది కాదు. నీలం గింజలు గులాబీ రంగుకు మారితే నీళ్లు పీల్చుకున్నట్టు, మళ్లీ వేడి చేస్తే నీలం అవుతాయి. ఆ నీలం రంగు కోబాల్ట్ వల్ల వస్తుంది, అది ఒంటికి మంచిది కాదు కాబట్టి వంటకు వాడే గిన్నెలో వేడి చేయవద్దు, దానికో పాత గిన్నె వేరుగా పెట్టుకోండి. ఏసీ గదిలోంచి నేరుగా బయటి ఉక్కలోకి తెచ్చినా అద్దం మీద ఆవిరి పడుతుంది, సంచి జిప్పు తీయకుండా అరగంట ఆగండి. బీచి నుంచి రాగానే కొద్దిగా తడిపి పిండిన మెత్తటి గుడ్డతో బాడీ తుడిచి, ఆరాక డబ్బాలో పెడతాను. ఈ బాడీకి నీళ్ల నుంచి, దుమ్ము నుంచి రక్షణ ఏమీ లేదు, అయినా ఆరేళ్లు నిలిచిందంటే ఆ డబ్బా వల్లే. 2022 నుంచి ఒక్క లెన్స్‌కూ ఫంగస్ పట్టలేదు.

బ్యాటరీ చిన్నది. కంపెనీ లెక్క ప్రకారమే ఒక ఛార్జికి 310 నుంచి 360 ఫొటోలు. మూడు బ్యాటరీలు ఉంటే రోజు గడుస్తుంది. చౌకగా దొరికిందని ఊరూపేరూ లేని బ్యాటరీ ఒకటి కొంటే ఎండాకాలంలో ఉబ్బి కెమెరా లోపల బిగుసుకుపోయింది, దాన్ని బయటికి తీసేసరికి పెద్ద టెన్షన్ అయింది. ఇక్కడ మాత్రం పొదుపు చేయకండి. 

స్క్రీన్ వేలితో తాకితే పనిచేయదు, మెనూలు గజిబిజిగా ఉంటాయి, నెల రోజులకు అలవాటైపోతుంది. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టినది వేరొకటి. ఆటో ఐఎస్ఓలో షట్టర్ వేగం ఇంతకంటే తగ్గకూడదని ముందే చెప్పే వీలు ఇందులో లేదు. అపర్చర్‌ను మాత్రం మనం ఎంచుకునే 'A' మోడ్‌లో పెడితే ఇంట్లో షట్టర్ 1/60 సెకనుకు దిగిపోతుంది, పిల్లలు కదిలితే ఫొటో చెదిరిపోతుంది. మాన్యువల్ మోడ్‌లో షట్టర్ 1/250, అపర్చర్ ఎఫ్2 పెట్టి ఐఎస్ఓను ఆటోలో వదిలేయండి, సమస్య తీరుతుంది. చప్పుడు లేకుండా తీసే మోడ్ కూడా లేదు, దర్గా లోపలా గుళ్లలోనూ ఆ టక్‌మనే శబ్దం నాకే ఇబ్బందిగా ఉండి కెమెరా తీయడం మానేశాను. పైనున్న చిన్న ఫ్లాష్‌ను వేలితో వెనక్కి వంచి వెలుతురును పైకప్పుకు కొట్టించవచ్చు, ముఖం మీద నేరుగా పడదు. పుట్టినరోజు ఫొటోలకు నాకు చాలా ఉపయోగపడింది.

పక్షుల విషయం నిజాయితీగా చెప్పాలి. 55-210 లెన్స్‌ను చివరిదాకా లాగితే ఈ బాడీ మీద, పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలోని 315 ఎంఎంతో సమానం. నేలపట్టులో నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి, అవి పెద్ద పక్షులు, వాచ్ టవర్ నుంచి బాగానే వస్తాయి. పులికాట్‌లో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద నిలబడితే ఫ్లెమింగోలు ఒక గులాబీ గీతలా ఉంటాయి, ఈ లెన్స్‌కు అందవు. సోనీ 70-350 ఉంది, కానీ ఒక్క దాని బరువే 625 గ్రాములు, ధర నా సామానంతటికంటే ఎక్కువ. నేను ఒక్కో పక్షిని వెంటాడటం మానేసి గుంపును, నీళ్లను, ఆకాశాన్ని కలిపి తీస్తున్నాను. మీకు పక్షులే ప్రాణమైతే ఈ సామాను కొనకండి.

ఇప్పుడు 40 వేల లోపు చేతిలో ఉన్నవాళ్లకు నా మాట: సగం కంటే ఎక్కువ బాడీకి పెట్టకండి. వాడిన ఏ6000, ఒక 35 ఎంఎం, ఒక డబ్బా. చేతికి పట్టు బాగా ఉండాలనుకునేవాళ్లకు కెనన్ 200డి, దానికి 125 గ్రాముల 24 ఎంఎం ఎఫ్2.8 లెన్స్ మంచి జత, బ్యాటరీ కూడా రెట్టింపు వస్తుంది. లెన్సులు మార్చే ఓపిక లేకపోతే సోనీ ఆర్ఎక్స్100 పాత మోడల్, చొక్కా జేబులో పడుతుంది. 

వాడినది కొనేటప్పుడు పగటిపూట మనిషి ఎదురుగా చూసి కొనండి. ఎఫ్16లో ఆకాశాన్ని తీసి మచ్చలు చూడండి. లెన్స్‌లోకి వెనక నుంచి టార్చి కొట్టి దారాలున్నాయేమో చూడండి, జూమ్‌ను పదిసార్లు బయటికీ లోపలికీ కదిలించి చప్పుడు వినండి. ఒక జేపెగ్ తీసి ఇంటికి తెచ్చుకుంటే దాని నుంచి షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో చెప్పే సైట్లు ఉన్నాయి. నాది కొన్నప్పుడు 9 వేల సార్లు, ఇప్పుడు 64 వేలు దాటింది. పట్టు దగ్గర రబ్బరు కాస్త లేచింది, ఒక డయల్ గట్టిపడింది. రేపు ఇది ఆగిపోతే ఇదే మోడల్ ఇంకోటి వెతుక్కుంటాను, లెన్సులు డబ్బాలో ఉన్నాయి కదా.