హారన్ల కింద మౌనం, కావేరి ఒడ్డున మౌనం

మనిషికి 3,600 రూపాయలు, రెండు రాత్రులు, ‘మౌన ధ్యాన శిబిరం’. హైదరాబాదుకు గంటన్నర దూరం. పేరు రాయడం లేదు. గేటు మీద ‘నిశ్శబ్దం పాటించండి’ అని బోర్డు, దాని పక్క స్తంభానికే రెండు మైకు హారన్లు. తెల్లవారి 5కి కీబోర్డు వాయించడం మొదలు. గదికి ఆరుగురు, గోడ అవతల జనరేటర్. భోజనాల దగ్గర నిర్వాహకులే ఫోన్లలో లెక్కలు తేల్చుకుంటున్నారు. మర్నాడే వెళ్లిపోతామంటే వెయ్యి చేతిలో పెట్టి, మిగతాది కానుక కింద రాసుకున్నామన్నారు. ఇచ్చేవాడికి తెలియకుండా రాసుకునేదాన్ని కానుక అనరు. మా వదిన ఆ రోజు నిజంగానే మౌనం పాటించింది, కోపంతో.

‘యెహోవా యెదుట మౌనముగానుండి ఆయనకొరకు కనిపెట్టుకొనుము’ అని బైబిల్లో 37వ కీర్తన. కనిపెట్టు ప్రార్థన, అంటే దేవుడి కోసం మౌనంగా ఎదురుచూడటం, అని మన చర్చిల్లోనూ అంటాం గానీ, ఐదు నిమిషాలు కాకుండానే ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు.

రెండో ప్రయత్నం శాంతివనం. తమిళనాడులో కుళిత్తలై పక్కన తన్నీర్‌పల్లి, కావేరి ఒడ్డు. 1950లో ఇద్దరు ఫ్రెంచి క్యాథలిక్ ఫాదర్లు, మొన్షనాఁ, లె సో, మొదలుపెట్టిన క్రైస్తవ ఆశ్రమం. లె సో తర్వాత అభిషిక్తానంద అయ్యారు. 1968లో కేరళ కురిసుమల ఆశ్రమం నుంచి ఇంగ్లీషు సన్యాసి బీడ్ గ్రిఫిత్స్ వచ్చి 1993లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారు. ప్రయాణంలో చెప్పుకోవాల్సిందేం లేదు: తిరుచ్చి దాకా రైలు, అక్కణ్ణుంచి కరూర్ వైపు బస్సు. గదికి రేటు కట్టరు, ఇవ్వగలిగింది ఇవ్వమంటారు. ముగ్గురం మూడు రాత్రులకు 4,500 ఇచ్చాం. గదిలో మంచం, బల్ల, దోమతెర. అంతకన్నా కావాలంటే తిరుచ్చిలో లాడ్జి తీసుకోండి.

అక్కడ నోరు మూసుకోమని ఎవరూ చెప్పరు. గంట కొడతారు, అంతే. ఎప్పుడెక్కడికి పోవాలో గంటే చెబుతుంది కాబట్టి అడగాల్సిన పని ఉండదు, అడగాల్సింది లేకపోతే మాట అవసరం పడదు. భోజనం కింద కూర్చుని, చేత్తో. అన్నం, సాంబారు, ఒక కూర, మజ్జిగ. వడ్డించేవాళ్లు గరిటె చూపిస్తారు, చాలనుకుంటే చెయ్యి అడ్డం పెట్టడమే. సాంబారులో ముక్క నలిగే చప్పుడు కూడా వినిపించే భోజనం ఎన్నేళ్లయింది చేసి! ప్రార్థన రోజుకు మూడు పూటలు. పొద్దున గంధం, మధ్యాహ్నం కుంకుమ, సాయంత్రం విభూతి నుదుటికి పెట్టుకుంటారు. ఇవి హిందూ పద్ధతులని మనవాళ్లలో చాలామందికి ఇక్కడే కాలు ఆగుతుంది. చేతులు జోడించి పక్కకు తప్పుకుంటే ఎవరూ ఏమీ అనలేదు.

ఇక సాధన. ఎక్కువమంది మొదటి రోజే చెడగొట్టుకుంటారు, గంటసేపు కూర్చోబోయి. 20 నిమిషాలు చాలు, పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. మడిచిన తువ్వాలు తుంటి కింద పెడితే మోకాళ్ల మీద బరువు తగ్గుతుంది. ‘ప్రభువైన యేసూ’ అని ఊపిరి పీలుస్తూ, ‘కరుణించు’ అని వదులుతూ మనసులో అనుకోవాలి. తలపులు వస్తే తరమకండి, మళ్లీ ఆ మాటకు రండి. మొదటి రోజు నిద్ర ముంచుకొస్తుంది. అది భక్తి లోపం కాదు, నెలల తరబడి బాకీ పడ్డ నిద్ర. మధ్యాహ్నం 40 నిమిషాలు పడుకుంటే సరి. కాఫీ మాత్రం అదే రోజు మానకండి: రెండో రోజుకు తలనొప్పి పట్టుకుంటుంది, దాన్ని ఆత్మీయ పోరాటం అనుకునేవాళ్లూ ఉన్నారు. మా బాబాయి అలాగే అనుకున్నాడు, గ్లాసు కాఫీతో పోరాటం ముగిసింది. ఫోను సైలెంట్‌లో పెడితే చాలదు, ఆపేసి సంచి అడుగున పెట్టాలి. పుస్తకాలు వద్దు, ఒక సువార్త చాలు, అదీ రోజుకు పది పన్నెండు వచనాలు. ఇంట్లో ఈమధ్యే ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు ఒంటరిగా వెళ్లకూడదు. మాటలు ఆగేసరికి దుఃఖం పైకొస్తుంది, రోజుకు ఓ అరగంట వినేవాళ్లు దగ్గరుండాలి.

ఎక్కడికైనా డబ్బు కట్టేముందు ఫోన్ చేసి అడగండి: మైకు ఉందా, గదికి ఎంతమంది, భోజనం దగ్గర మాట్లాడతారా, మధ్యలో వెళ్లిపోతే ఎంత తిరిగిస్తారు. మైకు మాట రాగానే ‘మంచి సౌండ్ సిస్టం ఉందండీ’ అని ఉత్సాహపడితే ఫోన్ పెట్టేయండి.