టెలివిజన్ పైరసీ: అడ్డుకట్ట మేలా, అందుబాటు మేలా?

పైరసీ వల్ల సినిమాకు కలిగే నష్టం, టెలివిజన్‌కు కలిగే నష్టం ఒక తీరువి కావు. ఒక సిరీస్‌కు ప్రకటనల నుంచి, చందాల నుంచి వచ్చే ఆదాయంతోపాటు ఇతర దేశాల చానళ్లకు ప్రసార హక్కులు అమ్మగా వచ్చే సొమ్ము కూడా ఉంటుంది. తన దేశ ప్రేక్షకులు అప్పటికే పైరసీ కాపీ చూసేశారని తెలిసిన చానల్ ఆ హక్కులకు పాత ధర చెల్లించదు. లక్షలాది మంది చూసే సిరీస్ ఈ దెబ్బను తట్టుకుంటుంది గానీ, బొటాబొటీ ఆదాయంతో నడిచే చిన్న సిరీస్‌కు తరువాతి సీజన్ దక్కకపోవచ్చు. నాకు ఎక్కువగా బాధ కలిగించేది చిన్న సిరీస్‌కు కలిగే ఈ నష్టమే, ఎందుకంటే అది ఎవరి లెక్కల్లోనూ కనబడదు.

దీనికి రెండు విరుగుళ్లు చెబుతుంటారు. కోర్టు ఉత్తర్వులతో పైరసీ సైట్లను మూయించడం ఒకటి, చట్టబద్ధంగా చూసే దారిని సులభం చేయడం మరొకటి.

రెండో మార్గానికి బలమైన ఆధారం అనుకోకుండా దొరికింది. అమెరికాకు చెందిన ఎన్‌బీసీ టీవీ సంస్థ 2007 డిసెంబరులో తన కార్యక్రమాలను ఐట్యూన్స్ అనే ఆపిల్ ఆన్‌లైన్ దుకాణం నుంచి తొలగించగా, ఆ తరువాత వాటి పైరసీ సుమారు 11 శాతం పెరిగిందని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. అమెజాన్‌లో వాటి డీవీడీల గిరాకీలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అంటే డబ్బిచ్చి కొనుక్కుంటున్నవారిలో కొందరు, ఆ దారి మూసుకుపోగానే డీవీడీ వైపు కాక పైరసీ వైపు మళ్లారన్నమాట.

అయితే అందుబాటు ఒక్కటే చాలదు. 2015లో గేమ్ ఆఫ్ థ్రోన్స్ సిరీస్ అయిదో సీజన్‌ను అమెరికా చందా చానల్ హెచ్‌బీఓ 170కి పైగా దేశాల్లో ఏకకాలంలో ప్రసారం చేయడానికి ఏర్పాట్లు చేసింది. మొదటి నాలుగు భాగాలు ప్రసారానికి ముందే బయటికి పొక్కాయి. ఆ ఏడాది అత్యధికంగా పైరసీకి గురైన సిరీస్‌గా కూడా అదే నిలిచింది. అన్నిచోట్లా ఒకే సమయంలో ప్రసారమైనా, ఒక్క సిరీస్ కోసం మొత్తం చందా కట్టడానికి ఇష్టపడని ప్రేక్షకుడు అలాగే మిగిలిపోయాడు.

ఇక అడ్డుకట్ట సంగతి బ్రిటన్ అనుభవం చెబుతుంది. అక్కడ 2012లో పైరేట్ బే అనే పైరసీ సైటు ఒక్కదాన్నే నిరోధించినప్పుడు ప్రేక్షకులు దాని నకలు సైట్లకు, నిరోధాన్ని తప్పించుకునే వీపీఎన్‌లకు మారారే తప్ప చట్టబద్ధమైన సేవల వాడకం పెరగలేదు. 2013 చివరలో 19 సైట్లను ఒకేసారి నిరోధించినప్పుడు మాత్రం, వాటిని వాడుతున్నవారు చట్టబద్ధమైన వీడియో సేవలను సందర్శించడం సుమారు 12 శాతం పెరిగింది. పైరసీ సైట్లు వెతుక్కోవడం శ్రమ అయినప్పుడు, ఆ పక్కనే వెళ్లడానికి సరైన చోటు కూడా ఉంది కనుకనే ఈ ఫలితం వచ్చిందని నా నమ్మకం. నెట్‌ఫ్లిక్స్ 2012 జనవరిలోనే బ్రిటన్‌లో అడుగుపెట్టింది.

క్రీడా ప్రసారాలకు ఈ తర్కం పూర్తిగా వర్తించదు. మ్యాచ్ ముగిసేసరికే దాని విలువలో ఎక్కువ భాగం పోతుంది, చట్టబద్ధమైన ప్రసారమేమో అప్పటికే ప్రత్యక్షంగా సాగుతుంటుంది. అందుకే ఆట జరుగుతుండగానే సర్వర్లను నిరోధించే ఉత్తర్వును ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ 2017లో కోర్టు నుంచి పొందింది. ఫిర్యాదు అందిన అరగంటలో సైట్లను నిరోధించే వ్యవస్థను ఇటలీ 2024లో అమల్లోకి తెచ్చింది గానీ, అదే ఏడాది అక్టోబరులో అది గూగుల్ డ్రైవ్‌ను కూడా పొరపాటున నిరోధించి, పైరసీతో సంబంధం లేని వారిని ఇబ్బంది పెట్టింది. కాబట్టి క్రీడలకు అడ్డుకట్టే మేలైనా, దానిపై వేగవంతమైన న్యాయ పర్యవేక్షణ ఉండి తీరాలి.

సిరీస్‌ల విషయంలో మాత్రం అందుబాటే ముందు రావాలి, నిరోధం దాని వెనుక నడవాలి. ఇటీవలి కాలంలో చాలా సంస్థలు తమ కార్యక్రమాలను ఇతర సేవల నుంచి వెనక్కి తీసుకుని సొంత వేదికల్లో పెట్టుకున్నాయి. ఫలితంగా, ఒకే చందాతో ఎన్నో చూడగలిగిన ప్రేక్షకుడు నాలుగైదు చందాల మధ్య ఎంచుకోవలసి వస్తోంది. ఎన్‌బీసీ 2007లో చేసిన పనినే పరిశ్రమలో చాలామంది మరింత పెద్ద ఎత్తున చేస్తున్నప్పుడు, ఎన్ని సైట్లు మూయించినా పైరసీ వైపు మళ్లే జనాన్ని ఆపడం కష్టం.