మూడు వేసవులు సన్‌స్క్రీన్ వాడాక నా అనుభవం

విజయవాడలో ఇన్సూరెన్స్ పని నాది. పొద్దున పదింటికి స్కూటీ తీస్తే ఇల్లు చేరేది సాయంత్రమే. 2022 వేసవిలో రెండు బుగ్గల మీదా మంగు మచ్చలు మొదలయ్యాయి. స్కిన్ డాక్టర్ గారు పూతమందు రాసిచ్చి, "ఎండ తగలకుండా చూసుకోకపోతే ఇది ఎంత రాసినా లాభం లేదమ్మా" అన్నారు. మరుసటి ఏడాది నుంచి సన్‌స్క్రీన్ వదల్లేదు.

మొదట కొన్నది ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 50 ఉన్న క్రీమ్. ఎండను అడ్డుకునే తెల్లటి పొడి, జింక్ ఆక్సైడ్ ఎక్కువున్న రకం. నా చామనఛాయ ముఖం మీద పిండి పూసినట్టు తెల్లగా తేలింది. చెమట పడితే కారి కళ్ళలోకి దిగి ఒకటే మంట. పైగా నేను రాసింది శనగగింజంత, అదీ పొద్దున ఒక్కసారి. ఆ వేసవి మచ్చలు ఇంకా ముదిరాయి. తప్పు క్రీముదే అనుకున్నాను. చూపుడువేలు, మధ్యవేలు రెండింటి పొడవునా గీత గీసినంత తీసుకుంటేనే ముఖానికీ మెడకీ సరిపోతుందని డాక్టర్ గారు చేసి చూపించాక అర్థమైంది.

అలా రోజుకు రెండుసార్లు రాస్తే 50 గ్రాముల ట్యూబ్ 25 రోజుల్లో అయిపోతోంది. నాకు వేసవికి ఐదు ట్యూబులు, రెండు వేల రూపాయల పైనే ఖర్చు. కొనేముందు ఈ లెక్క వేసుకోండి. ఖరీదైనది కొని పొదుపుగా రాసేకన్నా, చవకది కొని సరిపడా రాయడం మంచిది. ఎస్‌పీఎఫ్ 30కీ 50కీ మధ్య తేడా నిజానికి చాలా తక్కువ.

అసలు కష్టం రెండోసారి రాయడంలోనే ఉంది. బయట ఉంటే రెండు గంటలకోసారి రాయాలంటారు. దుమ్ము, చెమట పట్టిన ముఖం మీద ఎలా రాస్తాం? తడి రుమాలుతో తుడుచుకుని, ఆరాక, మధ్యాహ్నం భోజనం దగ్గర ఒకసారి రాస్తున్నాను. అంతకుమించి నావల్ల కావడం లేదు.

గత వేసవి నుంచి రంగు కలిపిన రకానికి మారాను. ట్యూబు మీద ఉండే ఎస్‌పీఎఫ్, పీఏ గుర్తులు రెండూ అతినీలలోహిత కిరణాల గురించే చెబుతాయి. మనలాంటి రంగువాళ్ళకి కంటికి కనిపించే మామూలు వెలుగు కూడా మంగును ముదురు చేస్తుంది. టింటెడ్ రకంలో ఉండే ఐరన్ ఆక్సైడ్ దాన్ని కొంత ఆపుతుంది. నాకు బాగా తేడా తెలిసింది దీనితోనే. ఒక ట్యూబును స్కూటీ డిక్కీలో మరిచిపోతే, వేడికి నీరూ నూనే వేరైపోయింది. పారేయాల్సి వచ్చింది.

క్రీము ఒక్కటే సరిపోదు. పల్చటి తెల్ల చున్నీని వెలుగుకెదురుగా పట్టి చూస్తే అవతలివన్నీ కనిపించాయి. ఇప్పుడు ముదురు రంగు నేత చున్నీ కడుతున్నాను. రోడ్డు పక్కన కొన్న బిగుతు స్లీవ్స్‌తో మోచేతుల దగ్గర చెమటకాయలు లేచాయి. వాటి బదులు వదులైన ఫుల్ చేతుల కాటన్ చొక్కా హాయిగా ఉంది. రోహిణి కార్తెలో మాత్రం పదకొండు నుంచి నాలుగు దాకా బయటికే వెళ్ళను, పనులన్నీ ఫోన్లోనే.

మచ్చలు పూర్తిగా పోలేదు. బాగా లేతబడ్డాయి, కొత్తవి రాలేదు. మెడ వెనక కమలడం ఆగింది. పాదాల మీద చెప్పుల గీతలు మాత్రం అలాగే ఉన్నాయి, ఈ వేసవి కోసం ముందు భాగం మూసి ఉండే కాటన్ బూట్లు వెతుకుతున్నాను.