బ్లూటూత్ డబ్బానా, వైఫై డబ్బానా, ఈఎస్‌పీ32 బోర్డా: ఎల్‌ఈడీ స్ట్రిప్‌కి ఏది మేలు?

ఒక్కో ఎల్‌ఈడీకి ఒక్కో రంగు ఇవ్వగలిగే స్ట్రిప్ చేతికొచ్చాక, దాన్ని దేనితో నడపాలన్నదే మొదటి చిక్కు. మామూలు స్ట్రిప్ లాగా అడాప్టర్ తగిలించగానే ఇది వెలగదు. ఇందులో ప్రతి ఎల్‌ఈడీకీ ఒక చిన్న చిప్ ఉంటుంది. తనకు వచ్చిన డేటాలో మొదటి 24 బిట్లు తను ఉంచుకుని, మిగతాది పక్కదానికి పంపేస్తుంది. ఎర్రకు 8, ఆకుపచ్చకు 8, నీలానికి 8. ఈ బిట్లను ఒక లెక్క ప్రకారం, సెకనుకు 8 లక్షల చొప్పున తీగలోకి పంపే పనిని కంట్రోలర్ చేస్తుంది.

వైర్లెస్‌గా నడపాలంటే ఇళ్లలో వాడేవి ముఖ్యంగా మూడు దారులు. బ్లూటూత్ కంట్రోలర్, రెడీమేడ్ వైఫై కంట్రోలర్, ఈఎస్‌పీ32 బోర్డులో (వైఫై చిప్ ఉన్న చిన్న సర్క్యూట్ బోర్డు ఇది) డబ్ల్యూఎల్‌ఈడీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. మూడూ వాడి చూశాను. నా మొగ్గు మూడోదాని వైపే, అయినా అడిగిన ప్రతివాళ్లకీ అదే కొనమని చెప్పను.

బ్లూటూత్: ఐదు నిమిషాల పని

ఎస్‌పీ110ఈ లాంటి బ్లూటూత్ కంట్రోలర్ వేలెడంత ఉంటుంది. ఒకవైపు పవర్, మరోవైపు స్ట్రిప్. ఫోన్‌లో యాప్ వేసుకుని, చిప్ రకం, ఎల్‌ఈడీల సంఖ్య, రంగుల వరుస ఈ మూడూ ఇస్తే పని అయిపోయినట్టే. రౌటర్‌తో పని లేదు, పాస్‌వర్డ్ గొడవ లేదు. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం లొకేషన్ అనుమతి ఇస్తే తప్ప బ్లూటూత్ పరికరాలు కనపడవు. యాప్ దేన్నీ కనిపెట్టలేకపోతుంటే ముందు అది చూడండి.

మా అమ్మాయి పుస్తకాల అరకు ఇదే పెట్టాను. రెండు మీటర్ల స్ట్రిప్, ఒకే గది, వాడేది ఒకే మనిషి. ఇంతకన్నా పెద్దది అక్కడ అవసరం లేదు. ఇబ్బంది ఎక్కడంటే, ఇలాంటివి సాధారణంగా ఒకసారికి ఒక్క ఫోన్‌తోనే మాట్లాడతాయి. ఒక ఫోన్ కనెక్ట్ అయి ఉంటే రెండోదానికి అది కనపడనే కనపడదు. గోడ అడ్డం వస్తే సిగ్నల్ పడిపోతుంది. వీధి చివర నుంచి ఇంట్లో లైటు ఆర్పడం కుదరదు. హాలు మొత్తానికి, నలుగురూ వాడే చోటికి ఇది సరిపోదు.

రెడీమేడ్ వైఫై: మధ్య దారి, కానీ యాప్ మీద ఆధారం

ఎస్‌పీ108ఈ లాంటి వైఫై కంట్రోలర్ తన సొంత వైఫై నెట్‌వర్క్‌ను వదులుతుంది. ఫోన్‌ను దానికి కలిపి, యాప్ నుంచి ఇంటి వైఫై వివరాలు ఇస్తే, అది రౌటర్‌కు చేరుతుంది. ఆ తర్వాత ఇంట్లో ఏ మూలనుంచైనా నడుస్తుంది.

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఈ కంట్రోలర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి మాత్రమే కలుస్తాయి. రౌటర్‌లో 2.4కీ 5కీ ఒకే పేరు ఉంటే సెటప్ మధ్యలో తడబడవచ్చు. కాసేపు 5 గిగాహెర్ట్జ్ ఆపేసి ప్రయత్నిస్తే పని జరుగుతుంది. ఇంకొకటి, కంట్రోలర్ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ ఉండదు కాబట్టి, ఫోన్ తనంతట తానే మొబైల్ డేటాకి మారిపోతుంది. సెటప్ అయ్యేదాకా మొబైల్ డేటా ఆపి ఉంచండి. గెస్ట్ నెట్‌వర్క్‌కు మాత్రం కలపకండి. అందులో పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా రౌటర్లు సాధారణంగా అడ్డుకుంటాయి, ఫోన్‌కు కంట్రోలర్ దొరకదు.

నాకు ఈ దారి మీద నమ్మకం సడలింది ఒక్క కారణంతో. వరండాలో నేను పెట్టిన ఒక రెడీమేడ్ డబ్బా రెండేళ్లు చక్కగా పనిచేసింది. ఫోన్ మార్చాను. కొత్త ఫోన్‌లో దాని యాప్ ఎక్కలేదు. డబ్బా బాగుంది, స్ట్రిప్ బాగుంది, పాత సెట్టింగ్‌తో రోజూ వెలుగుతూనే ఉంది. రంగు మార్చడానికి మాత్రం దారి లేదు. ఇంటికి తాళం వేసి, తాళంచెవి వేరేవాళ్ల దగ్గర పెట్టినట్టయింది. కొన్ని డబ్బాలైతే కంపెనీ సర్వర్ గుండానే నడుస్తాయి, ఇంటర్నెట్ పోతే గదిలో లైటు కూడా ఫోన్ మాట వినదు. కొనేముందు వేగం, ఎఫెక్టుల సంఖ్య చూసే బదులు, "యాప్ లేకుండా దీన్ని నడపగలనా?" అని చూడటం మంచిదని నాకు అప్పుడు అర్థమైంది.

ఈఎస్‌పీ32, డబ్ల్యూఎల్‌ఈడీ

ఇందులో తాళంచెవి బోర్డులోనే ఉంటుంది. డబ్ల్యూఎల్‌ఈడీ వేసిన బోర్డు తనే ఒక చిన్న వెబ్ పేజీని ఇస్తుంది. ఏ ఫోన్ అయినా, ఏ కంప్యూటర్ అయినా, బ్రౌజర్‌లో బోర్డు అడ్రస్ కొడితే రంగులు, ఎఫెక్టులు, టైమర్లు అన్నీ కనపడతాయి. యాప్ ఉంది కానీ తప్పనిసరి కాదు. ఇంటర్నెట్ లేకపోయినా ఇంటి వైఫై ఉంటే చాలు. రౌటర్ కూడా లేకపోతే బోర్డు సొంత నెట్‌వర్క్ వదులుతుంది, దానికి కలిసి నడుపుకోవచ్చు. కోడ్ అందరికీ తెరిచి ఉంది కాబట్టి, ఒక కంపెనీ ఆసక్తి పోయినంత మాత్రాన అది చేతికి అందకుండా పోదు.

సాఫ్ట్‌వేర్ వేయడం భయపడినంత కష్టం కాదు. కంప్యూటర్‌లో క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ తెరిచి, డబ్ల్యూఎల్‌ఈడీ ఇన్‌స్టాలర్ పేజీకి వెళ్లి, బోర్డును యూఎస్‌బీతో కలిపి, ఇన్‌స్టాల్ నొక్కాలి. ఐఫోన్‌లో ఈ పద్ధతి పనిచేయదు. బోర్డు కంప్యూటర్‌కు కనపడకపోతే మొదట కేబుల్ మార్చండి, ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు చాలా ఉంటాయి. అదీ కాకపోతే సీహెచ్340 లేదా సీపీ2102 డ్రైవర్ కావాలి. బోర్డు మీద యూఎస్‌బీ పోర్టు పక్కన ఉన్న చిప్ మీద ఆ పేరు ఉంటుంది.

వైఫై వివరాలు ఇవ్వకముందు అది డబ్ల్యూఎల్‌ఈడీ-ఏపీ అనే నెట్‌వర్క్ వదులుతుంది. పాస్‌వర్డ్ చిన్న అక్షరాల్లో డబ్ల్యూ, ఎల్, ఈ, డీ, వెంటనే 1234. కలిశాక పేజీ తెరుచుకోకపోతే బ్రౌజర్‌లో 4.3.2.1 కొట్టండి. ఎల్‌ఈడీ సెట్టింగ్స్‌లో చిప్ రకం, సంఖ్య, రంగుల వరుస, డేటా తీగ ఏ పిన్‌కు కలిపారో ఇవ్వాలి. బోర్డు మీద రాసిన పిన్ పేరు, సాఫ్ట్‌వేర్ అడిగే జీపీఐఓ నంబరు (చిప్‌లో ఆ పిన్‌కు ఉన్న అసలు నంబరు) కొన్ని బోర్డుల్లో వేరుగా ఉంటాయి. ఈఎస్‌పీ32 కన్నా పాతదైన ఈఎస్‌పీ8266 చిప్ ఉన్న నోడ్ఎంసీయూ బోర్డులో డీ4 అని రాసినది నిజానికి జీపీఐఓ 2.

ఒక బోర్డులోనే వందకు పైగా ఎఫెక్టులు ఉన్నాయి, అయినా నేను రోజూ వాడేవి నాలుగే. నాకు నచ్చేది ఒకే స్ట్రిప్‌ను భాగాలుగా విడగొట్టడం. టీవీ వెనకున్న ముక్క ఒక రంగులో, అర కింద ముక్క ఇంకో రంగులో. రెండు గదుల్లో రెండు బోర్డులుంటే ఒకటి మారగానే రెండోదీ మారేలా కలపవచ్చు. సెట్టింగ్స్ మొత్తాన్ని ఫైల్‌గా దించుకోవచ్చు. బోర్డు పాడైతే కొత్తదానిలో ఆ ఫైల్ ఎక్కిస్తే సరి.

ఈఎస్‌పీ8266 సరిపోదా అని అడుగుతారు. మూడు నాలుగు వందల ఎల్‌ఈడీలకు హాయిగా సరిపోతుంది. ఒక్కో ఎల్‌ఈడీకి డేటా పంపడానికి 30 మైక్రోసెకన్లు పడుతుంది. 300 ఉంటే 9 మిల్లీసెకన్లు. 1000 అయితే 30 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 33 సార్లకు మించి చిత్రం మారదు. ఈఎస్‌పీ32 అయితే నాలుగు పిన్ల నుంచి నాలుగు స్ట్రిప్‌లకు సమాంతరంగా పంపగలదు. కొత్తగా కొనేవాళ్లు ఈఎస్‌పీ32 కొనడమే మంచిది.

దీని అసలు బలహీనత వైరింగ్. రెడీమేడ్ డబ్బాలో లోపలే అమర్చి ఇచ్చేది ఇక్కడ మనం చేసుకోవాలి. ఈఎస్‌పీ32 డేటా పిన్ 3.3 వోల్టులు ఇస్తుంది. ఎల్‌ఈడీల్లో ఉండే, 5 వోల్టులతో నడిచే డబ్ల్యూఎస్2812బీ చిప్ మాత్రం డేటాషీట్ ప్రకారం 3.5 వోల్టులు దాటితేనే దాన్ని '1' అని ఖాయంగా గుర్తిస్తుంది. జానెడు తీగైతే చాలాసార్లు నడిచిపోతుంది. నేను రెండు మీటర్ల తీగ లాగాను. ఎల్‌ఈడీలు ఉండుండి చిటపటమని మెరిసేవి. రెండు సాయంత్రాలు వైఫై ఛానల్ మార్చాను, సాఫ్ట్‌వేర్ మళ్లీ వేశాను, ఊరికే టెన్షన్ పడ్డాను. చివరికి బోర్డును స్ట్రిప్ పక్కకు జరిపితే ఆగిపోయింది. ఆ తర్వాత 3.3 వోల్టుల సిగ్నల్‌ను 5 వోల్టులకు పెంచే 74ఏహెచ్‌సీటీ125 అనే లెవెల్ షిఫ్టర్ చిప్ మధ్యలో పెట్టి బోర్డును పాత చోటుకే తెచ్చాను, మళ్లీ ఇబ్బంది రాలేదు. బోర్డు గ్రౌండ్ (నెగటివ్ తీగ), పవర్ సప్లై గ్రౌండ్, స్ట్రిప్ గ్రౌండ్ మూడూ ఒకటిగా కలిసి ఉండాలన్నది కూడా మరవకండి. సోల్డరింగ్ అలవాటు లేనివాళ్లకు క్విన్‌ఎల్‌ఈడీ డిగ్-యూనో లాంటి బోర్డులున్నాయి. లెవెల్ షిఫ్టర్, ఫ్యూజ్, స్క్రూతో బిగించే కనెక్టర్లు అందులోనే ఉంటాయి.

ఏ కంట్రోలర్ కొన్నా తప్పని లెక్క

కంట్రోలర్ మంచిదైనంత మాత్రాన పవర్ సమస్య తీరదు. మీటరుకు 60 చొప్పున 5 మీటర్ల స్ట్రిప్ అంటే 300 ఎల్‌ఈడీలు. పూర్తి తెలుపులో ఒక్కోటి 60 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుందని లెక్క వేయాలి. అంటే 18 ఆంపియర్లు, 5 వోల్టుల దగ్గర 90 వాట్లు. ఫోన్ ఛార్జర్‌తో ఇది కాదు. అంత కరెంటును కంట్రోలర్ సన్నటి తీగల గుండా పంపకండి, పవర్ సప్లై నుంచి నేరుగా స్ట్రిప్‌కు ఇవ్వండి.

స్ట్రిప్ చివరికి వచ్చేసరికి తెలుపు కాస్తా పసుపుగా, ఎర్రగా మారుతుంటే స్ట్రిప్ పాడయిందనుకోకండి. సన్నటి రాగి పట్టీలో వోల్టేజీ తగ్గిపోతోంది. నీలం, ఆకుపచ్చ వెలగడానికి 3 వోల్టుల పైన కావాలి, ఎరుపుకు 2 చాలు. అందుకే ముందు నీలం వాడిపోతుంది. స్ట్రిప్ రెండో చివర కూడా పవర్ కలిపితే సరిపోతుంది. పొడవు ఎక్కువుంటే మొదటే 12 వోల్టుల డబ్ల్యూఎస్2815 స్ట్రిప్ తీసుకోవడం ఇంకా సుఖం. అందులో డేటాకు రెండో తీగ కూడా ఉంటుంది కాబట్టి మధ్యలో ఒక ఎల్‌ఈడీ పోయినా తర్వాతివి వెలుగుతాయి. 12 వోల్టుల డబ్ల్యూఎస్2811 స్ట్రిప్‌లో మాత్రం మామూలుగా ఒక చిప్ మూడు ఎల్‌ఈడీలను కలిపి నడుపుతుంది. సంఖ్య ఇచ్చేటప్పుడు 300కు బదులు 100 ఇవ్వాలి.

ఇక్కడ డబ్ల్యూఎల్‌ఈడీకి ఒక మార్కు ఎక్కువ వేస్తాను. పవర్ సప్లై ఎంత ఇవ్వగలదో చెబితే, ఆ హద్దు దాటుతుందని లెక్క తేలినప్పుడు తనే వెలుగు తగ్గిస్తుంది. మొదట్లో ఆ హద్దు 850 మిల్లీ ఆంపియర్లుగా ఉంటుంది. అది తెలియక, స్ట్రిప్ మసగ్గా ఉందని తిరిగి ఇచ్చేసినవాళ్లు నాకు తెలుసు.

ఎరుపు నొక్కితే ఆకుపచ్చ వస్తోందా? అది రంగుల వరుస తేడా, యాప్‌లోనో పేజీలోనో ఆర్‌జీబీ ఉంటే జీఆర్‌బీ, జీఆర్‌బీ ఉంటే ఆర్‌జీబీ ఎంచుకోండి. అసలేమీ వెలగకపోతే స్ట్రిప్ మీది బాణం గుర్తు చూడండి, డేటా ఆ దిక్కులోనే వెళ్తుంది.

ఎవరికి ఏది

ఒక గది, రెండు మూడు మీటర్లు, ఒక ఫోన్ అయితే బ్లూటూత్ చాలు, ఎక్కువ ఆలోచించకండి. సోల్డరింగ్ వద్దు, ఇల్లంతా నడవాలి అనుకునేవాళ్లు కూడా ఇప్పుడు రెడీమేడ్ వైఫై డబ్బా కన్నా, డబ్ల్యూఎల్‌ఈడీ ముందే వేసి అమ్మే కంట్రోలర్ వెతుక్కోవడం మంచిదని నా అభిప్రాయం. పెట్టెలోంచి తీసి తగిలించేంత సులువూ ఉంటుంది, యాప్ భయమూ ఉండదు. రెండో స్ట్రిప్ కొనే ఆలోచన ఏమాత్రం ఉన్నా మొదటిదాన్నే ఈఎస్‌పీ32తో మొదలుపెట్టండి. వరండాలోని నా పాత డబ్బా స్థానంలో ఇప్పుడు అదే ఉంది. స్ట్రిప్ మాత్రం పాతదే.

ఏది కొన్నా, గోడకు అంటించకముందే స్ట్రిప్‌ను చుట్ట విప్పి నేల మీద పరిచి, ఒక గంట వెలిగించి చూడండి. చుట్టగా ఉండగా పూర్తి వెలుగు పెట్టకండి, వేడెక్కిపోతుంది. చివరి ఎల్‌ఈడీ దాకా తెలుపు తెల్లగానే ఉందా, కనెక్టర్లు చేతికి వేడిగా తగులుతున్నాయా, రౌటర్ ఆపి మళ్లీ వేస్తే కంట్రోలర్ తనంతట తానే కలుస్తోందా అన్నవి చూసుకున్నాకే వెనకున్న టేపు పొర తీయండి.