తక్కువ సిబిల్ ఉన్నా ఇచ్చే హౌసింగ్ ఫైనాన్స్ హోమ్ లోన్: తీసుకోవచ్చా?

బ్యాంకు కాదన్నాక ఏజెంట్లు తీసుకెళ్లేది ఎక్కువగా ఈ హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల దగ్గరికే. సిబిల్ 650 లోపున్నా చాలాచోట్ల లోన్ అవుతుంది. ఐటీ రిటర్నులు లేని కిరాణా కొట్టుకు కూడా మనిషిని పంపి, గల్లా చూసి ఆదాయం లెక్కగడతారు. ఇందులో వీళ్లకు మంచి మార్కులే వేయాలి.

వడ్డీ దగ్గరే చుక్కలు కనిపిస్తాయి. 25 లక్షలు 20 ఏళ్లకు తీసుకుంటే 8.5 శాతానికి ఈఎంఐ దాదాపు 21,700. అదే 12 శాతమైతే 27,500. చివరిదాకా కడితే తేడా 14 లక్షలు. పైగా 2019 అక్టోబర్ నుంచి బ్యాంకులు కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లను రెపో (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు) లాంటి బయటి రేటుకే ముడిపెట్టాలి. ఈ కంపెనీలకు ఆ నిబంధన లేదు, తామే నిర్ణయించుకునే సొంత రేటు, అంటే పీఎల్ఆరే. రెపో తగ్గినా మీ ఈఎంఐ కదలకపోవచ్చు.

బీమా ప్రీమియం మొత్తాన్ని లోన్‌లోనే కలిపేస్తుంటారు, దానికీ 20 ఏళ్ల వడ్డీ! సంతకానికి ముందే లోన్ షరతులన్నీ ఒకచోట చూపే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడిగి ఏపీఆర్ (చార్జీలన్నీ కలిపిన అసలు వార్షిక వడ్డీ) చూడండి. అది ఇచ్చి తీరాలి.

అసలు వీళ్ల దగ్గరికి వెళ్లే ముందు మీ క్రెడిట్ రిపోర్టు తీయండి. దాన్ని తయారుచేసే నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికొకటి ఉచితంగా ఇస్తాయి. స్కోరు కంటే రిమార్కు ముఖ్యం. పాత క్రెడిట్ కార్డు మీద ‘సెటిల్డ్’ (తగ్గించి కట్టి ముగించారు), ‘రిటన్ ఆఫ్’ (రాని బాకీగా కొట్టేశారు) అని ఉంటే బ్యాంకు అక్కడే ఆగిపోతుంది. మిగిలిన బాకీ కట్టి, నో డ్యూస్ (బాకీ లేదనే) పత్రం తీసుకుని, ‘క్లోజ్డ్’గా మార్పించండి. తప్పుడు ఎంట్రీ అయితే డిస్ప్యూట్ వేయండి. 30 రోజులు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం రావాలి. ఆలస్యపు కట్టుబడులు మాత్రం రిపోర్టులోని 36 నెలల గళ్లలో కనబడుతూనే ఉంటాయి, వాటిని తుడిపిస్తామనే వాళ్లకు డబ్బులివ్వొద్దు. ఏజెంటు ఒకేసారి నాలుగు కంపెనీల్లో లాగిన్ చేస్తే (అంటే మీ పేరున దరఖాస్తు పెడితే) నాలుగు ఎంక్వైరీలు పడి స్కోరు ఇంకా దిగుతుంది.

ఆగే వీలుంటే ఆగండి. తప్పదంటే ఏడాదిన్నర చెక్కు బౌన్స్ కాకుండా కట్టి, బ్యాంకుకు మార్చుకునే లెక్కతోనే తీసుకోండి. ఫ్లోటింగ్ అయితే ప్రీక్లోజర్ చార్జీ ఉండదు. ‘మొదటి మూడేళ్లు ఫిక్స్‌డ్’ లాంటి షరతుంటే పడొచ్చు. ఇంకో మెలిక ఆస్తి కాగితాల్లో ఉంది. కొన్ని కంపెనీలు గ్రామ పంచాయతీ లేఅవుట్లకూ లోన్ ఇచ్చేస్తాయి. ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) లేని అలాంటి ప్లాటును తర్వాత బ్యాంకు ముట్టుకోకపోతే, స్కోరు 780కి చేరినా 12 శాతం దగ్గరే ఇరుక్కుంటారు. అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు పట్టుకెళ్లి బ్యాంకు ప్యానెల్ లాయరుకు చూపించండి.