అలెగెనీ అడవిలో మంచె ఎక్కడ కట్టాం, రాత్రి ఎక్కడ పడుకున్నాం

పిట్స్‌బర్గ్ నుంచి ఉత్తరానికి కారులో రెండు గంటలు దాటి వెళ్తే అలెగెనీ నేషనల్ ఫారెస్ట్ వస్తుంది. ఐదు లక్షల ఎకరాలకు పైబడిన అడవి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. పెన్సిల్వేనియాలో మాత్రం శిక్షణ తరగతి పూర్తిచేసి, లైసెన్సు తీసుకుంటే సీజన్‌లో వేటాడొచ్చు. నేనూ, మా బావమరిదీ మార్చిలో జాడలు చూడడానికి, నవంబరు చివర తుపాకీ సీజన్‌కి వెళ్లాం.

నన్నడిగితే మార్చి ప్రయాణమే అసలు వేట. మంచు కరిగిన నేల మీద జింకల దారులు గీత గీసినట్టు కనిపిస్తాయి. అక్కడ బీచ్ అనే జాతి పెద్ద చెట్లు తెగులుతో చచ్చిపోతుంటే వేళ్ల నుంచి పిలకలు గుబురుగా లేచాయి. ఆ పిలకలు ఎండుటాకుల్ని చలికాలమంతా పట్టుకునే ఉంటాయి. పది గజాల అవతల ఏముందో తెలియదు. పగలు జింకలు పడుకునేది అందులోనే. మేం లోపలికి అడుగు పెట్టకుండా అంచు వెంబడే తిరిగాం. రెండు లోయల మొదళ్లు దగ్గరకొచ్చి గుబురు సన్నబడిన చోట దారులన్నీ కలిశాయి. గిట్టల అచ్చులు, పెంటికలు, మోకాలెత్తున బెరడు లేచిపోయి లోపలి చెక్క తెల్లగా మెరుస్తున్న లేతచెట్లు. కొమ్ములు రుద్దిన గీర ఏ వైపుందో చూస్తే మగజింక ఎటు నుంచి వచ్చిందో తెలుస్తుంది.

ప్రభుత్వ అడవిలో చెట్టుకి మేకు కొట్టకూడదు. అందుకని పట్టీలతో బిగించే మంచెను, దారికి కాస్త ఎగువనున్న హెమ్‌లాక్ చెట్టుకి, పద్దెనిమిది అడుగుల ఎత్తున కట్టాం. ఒంటికి తాడు కట్టుకోకుండా మాత్రం ఎవరూ ఎక్కొద్దు.

నవంబరులో మొదటి సాయంత్రమే దెబ్బతిన్నాం. పొద్దు వాలేసరికి ఒక ఆడజింక గుబురులోంచి తల బయటపెట్టింది. "బావా, కదలకు" అన్నాడు వాడు. కదల్లేదు. అయినా కాలు నేలకేసి కొట్టి, బుస్సుమని వెనక్కి దూకింది. గాలి ఎటు పోతుందో చూద్దామని జేబులోంచి మిల్క్‌వీడ్ దూది తీసి వదిలాను. మన జిల్లేడు దూదికి చుట్టమే అది. తేలుకుంటూ పల్లానికి, సరిగ్గా ఆ దారి మీదికే పోయింది. మా వాసనా అటే పోయిందన్నమాట. చల్లబడ్డ గాలి పల్లానికి జారుతుంది, ఎండెక్కాక పైకి లేస్తుంది. అంటే ఆ చెట్టు పొద్దుటిపూటకే పనికొస్తుంది. సాయంత్రానికి దారికి దిగువన ఇంకో చెట్టు చూసుకున్నాం.

బస సంగతి. మార్చిలో వారెన్ ఊళ్లో మోటెల్‌లో దిగాం. శుభ్రంగా ఉంది, వేడినీళ్లున్నాయి, కానీ అడవిలో మా చోటికి ముప్పావుగంట. జాడలు చూడడానికైతే చాలు. సీజన్‌లో సూర్యోదయానికి అరగంట ముందే కాల్పులకు అనుమతి, అప్పటికే మంచె మీద ఉండాలి. అందుకే నవంబరులో మేరియన్‌విల్ దగ్గర కేబిన్ తీసుకున్నాం. హీటర్ రెండో రాత్రి ఆగిపోయింది, యజమాని ఫోనెత్తలేదు, డబ్బు వాపసు లేదు. అయినా మళ్లీ అటువైపే దిగుతాను, హీటర్ సంగతి ముందే అడిగి. ఇరవై నిమిషాల్లో అడవి అంచున ఉండి, గుబురును చుట్టి, గాలికి ఎదురుగా చీకట్లో నెమ్మదిగా నడవగలిగాం. హడావిడిగా అడ్డంపడి వెళ్తే ఎంత మంచి మంచైనా వృథా.

మూడో రోజు పొద్దున ముందు చిన్న మగజింక వచ్చింది. కొమ్ముల్లో ఒకవైపైనా మూడు మొనలుంటేనే కాల్చాలి, దానికి లేవు, వదిలేశాం. ఎండ కాస్త ఎక్కాక ఎనిమిది మొనలది, ముప్పై గజాల్లో. చెవికి లైసెన్సుతో వచ్చిన ట్యాగు కట్టి, ఇద్దరం రోడ్డు దాకా ఈడ్చుకొచ్చేసరికి మధ్యాహ్నమైంది.