మూడు లీటర్ల ఎసరు, ఆరేళ్ల గిన్నె

అమ్మ మోకాలి చిప్ప విరిగిన ఏడాది మా ఇంట్లో మేక కాళ్ల సూపు మొదలైంది. చూడటానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: కాళ్ల సూపు తాగించండి, ఎముక అతుక్కుంటుంది. డాక్టరును అడిగితే నవ్వి, "తాగితే తాగనివ్వండి, పాలు, గుడ్లు మాత్రం మానకండి" అన్నారు. వండే పని నా మీద పడింది.

పులిహోర కలపడానికి వాడే వెడల్పాటి అల్యూమినియం గిన్నెలో మూడు లీటర్ల నీళ్లు పోసి, ఎనిమిది కాళ్ల ముక్కలు వేసి, ఉప్పు కూడా అప్పుడే వేసేశాను. రెండున్నర గంటలకు మిగిలింది రెండు గ్లాసులు. అది సూపు కాదు, ఉప్పు కషాయం. మరుసటి వారం మధ్యమధ్య చన్నీళ్లు కలుపుతూ వచ్చాను. పోసినప్పుడల్లా ఉడుకు ఆగిపోయి, చివరికి గిన్నెలు కడిగిన నీళ్లలాంటిది తయారైంది. ఆ విసుగులోనే హైదరాబాద్ బేగంబజారుకు వెళ్లి, ఈ సమీక్షలో చెప్పబోయే గిన్నె కొన్నాను. ఆరేళ్లయింది. నెలకు మూడు నాలుగు సార్లు దీంట్లో సూపు కాస్తూనే ఉన్నాను. అమ్మ మోకాలు ఎప్పుడో బాగుపడింది, అలవాటు మాత్రం ఉండిపోయింది.

గిన్నె సంగతి చెబుతాను. ఐదు లీటర్లది. లోపలా బయటా స్టీలు, మధ్యలో అల్యూమినియం పొర. వెడల్పు 24 సెంటీమీటర్లు, లోతు దానికి తగ్గట్టు. గాజు మూత, దానికి ఆవిరి పోవడానికి చిన్న రంధ్రం. మామూలు స్టీలు సామానులాగా తూకానికి ఇవ్వరు. ధర మూడు వేల పైచిలుకు. అమ్మిన అబ్బాయి మూత బిగుతుగా కూర్చోబెట్టి చూపించి, చుక్క నీరు కూడా బయటికి పోదని చెప్పాడు. నమ్మాను.

మొదటి నెల పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. మూత పెట్టే ఉంచాను, మంట మాత్రం పాత పద్ధతిలోనే పెట్టాను. మూత టకటకమని ఎగిరెగిరి పడేది, అంచుల నుంచి ఆవిరి బుసకొట్టేది, స్టవ్ అంతా జిడ్డు. మూడు లీటర్లు లీటరున్నరకు దిగేవి. డబ్బులు దండగ అనుకున్నాను. మంచం మీద నుంచే ఆ శబ్దం విని అమ్మ, "మూత సంగతి తర్వాత చూద్దువు గానీ, ముందు ఆ మంట తగ్గించరా" అని కేకేసేది. అమ్మ మాట వినకుండా తూకం వేసుకుని చూసేదాకా నాకు తెలిసిరాలేదు.

వంటింట్లో పిండి తూచుకునే త్రాసు ఉంది. దాని మీద చెక్క పీట వేసి, గిన్నెను స్టవ్ ఎక్కించే ముందు ఒకసారి, ఉడుకు పట్టిన గంట తర్వాత ఒకసారి తూచాను. కాళ్లు లేకుండా ఉత్త నీళ్లతోనే. మధ్యస్థమైన మంట మీద, మూత లేకుండా గంటకు 900 మిల్లీలీటర్లు పోయాయి. అదే మంట మీద మూత పెడితే 760. అంత ఖరీదు పెట్టి కొన్న మూత మిగిల్చింది ఇంతేనా అని నీరసం వచ్చింది. తర్వాత చిన్న బర్నర్ మీదికి మార్చి, మంట పూర్తిగా తగ్గించి, మూత పెట్టాను. గంటకు 100 కూడా పోలేదు. అదే చిన్న మంట మీద మూత తీసేస్తే అసలు ఉడుకే నిలవలేదు, అయినా 200కు పైగా ఆవిరైపోయాయి.

ఆ నాలుగు అంకెల ముందు కూర్చుంటే విషయం విడిపోయింది. నీళ్లు మరిగే వేడికి చేరాక అంతకు మించి వేడెక్కవు. ఎంత మంట పెడితే అంత ఆవిరి పుడుతుంది, సూపు మాత్రం త్వరగా ఉడకదు. ఒక లీటరు నీటిని గది వేడి నుంచి మరిగే దాకా తేవడానికి పట్టే వేడి కంటే, ఆ లీటరును పూర్తిగా ఆవిరి చేయడానికి దాదాపు ఏడు రెట్లు పడుతుంది. కిటికీలోంచి బయటికి పోయేదంతా గ్యాసు డబ్బులే. మంట ఎక్కువగా ఉంటే ఎంత బిగుతు మూతైనా ఓడిపోతుంది, పుట్టిన ఆవిరి ఎక్కడో ఒకచోట సందు చూసుకుంటుంది. మూత చేసే అసలు పని ఆవిరిని బంధించడం కాదు. పైనుంచి వేడి పోకుండా కాపాడి, ఇంత చిన్న మంటతో కూడా ఉడుకు నిలబెట్టడం. మూత పెట్టి మంట తగ్గించకపోతే మూత పెట్టనట్టే లెక్క.

గిన్నెకు మంచి మార్కులు పడేది ఇక్కడే. పలుచని గిన్నెలో మంట తగిలిన చోట ఉడుకు, మిగతా చోట చల్లదనం. చిన్న మంట మీద ముక్కలు ఒక పక్క అడుగంటేవి, ఇంకో పక్క రబ్బరులా ఉండేవి. దీని అడుగు మందం వల్ల సన్నని సెగ అంతటా పాకుతుంది. నేను ఇప్పుడు చేసే పద్ధతి ఇది: పెద్ద బర్నర్ మీద మూత లేకుండా ఉడుకు తెప్పించి, పది పదిహేను నిమిషాలు పైకి వచ్చే తెట్టు తీసేస్తాను. తర్వాత మిరియాలు, జీలకర్ర, దంచిన అల్లం వెల్లుల్లి, ఒక ఉల్లిపాయ వేసి, చిన్న బర్నర్ మీదికి మార్చి మూత పెడతాను. రెండు మూడు సెకన్లకు ఒక బుడగ వస్తే చాలు. కుతకుతలాడకూడదు. నాలుగు గంటలు అలా వదిలేస్తే మూడు లీటర్లలో రెండున్నరకు పైనే మిగులుతుంది, పెదవులు అంటుకునేంత జిగురూ దిగుతుంది. మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీస్తే జున్నులా గడ్డకట్టి ఉంటుంది.

మూత రంధ్రాన్ని మొదట్లో గోధుమపిండి ముద్దతో మూసేవాడిని. సన్నని సెగ మీద దానివల్ల చెప్పుకోదగ్గ తేడా లేదని తేలాక మానేశాను. ఒక పండక్కి ఉత్సాహం వచ్చి, దమ్ బిర్యానీకి పెట్టినట్టు మూత చుట్టూ పిండి అంటించాను. నీరు బాగానే నిలిచింది గానీ, లోపల ఏం జరుగుతోందో తెలియక నాలుగు గంటలూ స్టవ్ చుట్టూ తిరిగాను. ఈ విషయంలో పాతబస్తీలో నహారీ, అంటే మాంసాన్ని నెమ్మదిగా ఉడికించే సూపు, వండేవాళ్లను మెచ్చుకోవాలి. తెల్లవారుజామున అమ్మే నహారీని రాత్రంతా సన్నని సెగ మీద ఉంచుతారు. వాళ్ల దేగ్‌లకు, అంటే పెద్ద వంటపాత్రలకు, పొట్ట పెద్దది, మూతి చిన్నది. ఆవిరి పోవడానికి చోటే తక్కువ. నా పులిహోర గిన్నె సరిగ్గా దానికి తిరగేసినట్టుండేది. వెడల్పు రెట్టింపయితే నీటి పైభాగం నాలుగింతలవుతుందని బడిలో చదువుకున్నదే, వంటింట్లో గుర్తుకు రాలేదు.

మా అమ్మమ్మకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు. కుండ మీద గుంట మూకుడు పెట్టి అందులో చెంబెడు నీళ్లు పోసేది. కింది నుంచి వచ్చిన ఆవిరి ఆ చల్లని మూకుడుకు తగిలి మళ్లీ చుక్కలై కుండలోకి పడేది. ఎసరు తగ్గితే పైనున్న వేడి నీళ్లే కుండలో పోసేది, ఉడుకు ఆగేది కాదు. ఈ గాజు మూత గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది కాబట్టి దాని మీద నీళ్లు నిలవవు. ఇది ఈ గిన్నె మీద నా పెద్ద ఫిర్యాదు. స్టవ్ దగ్గర ఉండలేక మంట కాస్త పెద్దదిగా ఉంచాల్సిన రోజుల్లో, గాజు మూత పక్కనపెట్టి గుంట పళ్లెంలో నీళ్లు పోసి దీని మీద పెడుతున్నాను. పోసుకోవడానికి వేడి నీళ్లు సిద్ధంగా ఉండటమే అందులో అసలు లాభం.

కుక్కర్ ఉండగా ఇదంతా ఎందుకు అంటారు. నీరు పోకూడదన్నదే ముఖ్యమైతే కుక్కరే గెలుస్తుంది, దాచాల్సిన పని లేదు. ఒత్తిడి వల్ల లోపల 120 డిగ్రీల దాకా వెళుతుంది, కాళ్లు గంటలోపే మెత్తబడతాయి, మొదటి విజిల్ రాగానే మంట తగ్గిస్తే పోయేది గుక్కెడు. విజిళ్లు లెక్కపెడుతూ పెద్ద మంట మీద ఉంచేవాళ్లు ప్రతి విజిల్‌కూ కాస్త సూపును గాలికి వదులుతున్నట్టే. ఒక జాగ్రత్త: గరిటెతో కుక్కర్ విజిల్ బరువు ఎత్తి ఆవిరి ఒక్కసారిగా వదిలితే లోపల ఉన్నదంతా భగ్గున మరిగి సూపు మడ్డిగా మారుతుంది. దానంతట అది చల్లారితే తేటగా ఉంటుంది. అయినా నాకు రుచి చూసుకుంటూ, తెట్టు తీస్తూ వండటమే ఇష్టం. మా చెల్లెలి పరిస్థితి వేరు. తను ఉండే అమెరికాలోని డెన్వర్ సుమారు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ నీళ్లు 95 డిగ్రీలకే మరుగుతాయి. ఇదే మాదిరి గిన్నె కొనమని నేనే సలహా ఇచ్చాను. నాలుగు గంటలు గడిచినా ఎముక నుంచి కండ వదలడం లేదని ఫోను చేసింది. రెండో వారం కుక్కర్ కొనుక్కుంది.

ఉప్పు గురించి. ఎంత జాగ్రత్తపడ్డా కొంత నీరు పోతుంది, ఉప్పు మాత్రం పోదు. అందుకని దించే ముందు వేస్తాను. ఈ గిన్నెకు ఇంకో కారణం కూడా ఉంది: చన్నీళ్లలో ఉప్పు వేస్తే అడుగున పేరుకుని స్టీలు మీద తెల్లటి చుక్కలు పడతాయి, అవి పోవు. నా గిన్నె అడుగున మొదటి నెల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. బార్లీ గానీ పెసరపప్పు గానీ వేసిన రోజు నీరు తగ్గితే మూతను తిట్టకండి, తాగింది అవి. టమాటా సూపు లాంటి ఇరవై నిమిషాల వంటకైతే ఈ గిన్నె దండగ.

లోపాలు చెప్పకపోతే సమీక్ష కాదు. నిండు గిన్నెను అమ్మ ఎత్తలేదు. చెవులు కాలుతాయి, గుడ్డ లేకుండా ముట్టుకోలేం. రెండో ఏడాది మూత మీది ప్లాస్టిక్ పిడి పగిలింది. కంపెనీకి ఫోను చేస్తే పిడి విడిగా దొరకదు, కొత్త మూత కూడా లేదు, గిన్నె మొత్తం కొనుక్కోండి అన్నారు. మా వీధి స్టీలు సామాన్ల కొట్టాయన పది నిమిషాల్లో స్టీలు పిడి ఒకటి మర బిగించి ఇచ్చాడు. అది ఇప్పటికీ ఊగలేదు. లోపల ఇంద్రధనుస్సు రంగుల మరకలు వస్తుంటాయి, చింతపండు గుజ్జుతో తోమితే పోతాయి. అడుగు వంగలేదు, పొరలు ఊడలేదు.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే రకం కొంటాను గానీ, మూడున్నర లీటర్లది, వెడల్పు కాస్త తగ్గించి లోతు పెంచినది, నీళ్లు పోస్తే నిలిచే గుంట స్టీలు మూత ఉన్నది చూసుకుంటాను. కొట్లోకి పోయేటప్పుడు మీ చిన్న బర్నర్ ఎంత తగ్గుతుందో ఒకసారి చూసుకుని వెళ్లండి. మా పాత స్టవ్ మీద మొదట్లో ఎంత తగ్గించినా మంట పెద్దగానే ఉండేది. దాన్ని బాగు చేయించడానికి నూట యాభై రూపాయలయ్యాయి. ఆ పని ముందే చేయించి ఉంటే, ఈ గిన్నె కొనేవాడినో కాదో చెప్పలేను.